బజారి దగ్గుకు బెల్లం

రక్త క్యాన్సరుకు కొత్తగా వచ్చిన మాత్రలు మింగాక, పత్తి గింజలు తీసే మిల్లులో కూలి అయిన బజారి పొట్టలో గడ్డ కరిగింది గానీ, పొడిదగ్గు పట్టుకుంది.

“జిన్నుమిల్లు దూది నీ ఊపిరికి అంటుకొనింది,” అని తీర్పు చెప్పి, పెళ్లాం హులిగెమ్మ అతణ్ణి పని మాన్పించింది. బదులుగా తానే ఆదోని మిల్లుకు పోతూ, దూదికి విరుగుడని అక్కడ పంచే బెల్లం ముక్కను రోజూ తెచ్చి అతని నోట్లో కుక్కింది.

దగ్గు ఆయాసమైంది. డాక్టరు తల గోక్కున్నాడు. “దూది కాదయ్యా, మాత్రలే ఊపిరితిత్తులను చెడగొట్టాయేమో. గడ్డ మళ్లీ వచ్చినా సరే, వాటిని ఆపక తప్పదు.”

“పొట్టలో దయ్యాన్ని ఇడిపిచ్చి రొమ్ము మీదికి ఎక్కిచ్చినావు కదప్పా!” అని బజారి నవ్వబోయి రొప్పాడు.

ఇంటికి రాగానే హులిగెమ్మ కొంగుముడి విప్పి, దగ్గుతూనే బెల్లం తీసింది.

బజారి దాన్ని లాక్కొని ఆమె నోట్లో పెట్టాడు.

“నాది మాత్రల దగ్గు. దూది దగ్గు నీది మే, తిను.”