దీనమ్మ కార్డు

దీనమ్మను చూడ్డానికి పట్నం నుంచి డాక్టరమ్మ వస్తోందని ఎదురింటి వెంకాయమ్మ కుళాయి దగ్గర చెప్పిందట. నెలకు ఇరవై డబ్బాల పీల్చే మందు వాడే మనిషి దేశం మొత్తంలో ఈమె ఒక్కతేనట.

మిర్చి గోడౌను గేటు, వచ్చిన మనిషి వైద్య రికార్డు చదివాకే తెరుచుకుంటుంది. అందులో ఉబ్బసం ఉంటే తెరుచుకోదు. అందుకే తొడిమలు తీసే ఆడవాళ్లంతా ఆసుపత్రి యంత్రానికి ముసలి దీనమ్మ కార్డు చూపించి దగ్గుతారు. మందు కింద పడుతుంది.

డాక్టరమ్మ వచ్చి, దీనమ్మ కోడలు సలోమి ఎదుట కూర్చుంది.

"మీ వీధిలో ఇంకెవరికీ ఈ జబ్బు లేదు. మిరప ఘాటు వల్ల ఏ హానీ లేదని రికార్డులు చూసి తేల్చాం. ఈమెదొక్కటే వింతగా ఉంది. ఏదీ, పిలువు."

"ఆమె పోయి మూడు నెలలైందమ్మా."

"నిన్న కూడా మందు తీసుకున్నట్టుందే?"

వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"పోయిన మనిషి రికార్డు ఉంచకూడదు. ఇప్పుడే మూసేస్తాను," అంది డాక్టరమ్మ.

"మూసెయ్యండమ్మా," అంది సలోమి. "రేపట్నించి మేం పద్నాలుగు మందిమి ఊపిరెట్టా తీసుకోవాలో కూడా చెప్పి పొండి."