ఆటకి వచ్చిన ఉద్యోగం

తాతబాబు బావా, మా నూకరాజుకి గవర్నమెంటు ఉద్యోగం వచ్చేసింది! పర్మినెంటు! గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి వచ్చి, కాళ్లైనా కడుక్కోకుండా ఈ కార్డు రాస్తున్నాను.

వాడు ఏడేళ్లు రాష్ట్రం తరఫున బేస్‌బాల్ ఆడాడు కదా. వాడు విసిరిన బంతి కంటికి ఆనేది కాదు. ఆ సర్టిఫికెట్లు పట్టుకెళ్తే, "క్రికెట్టయితే సెప్పండి, ఇదేటాట?" అని నవ్విన గుమస్తాయే ఇవాళ వాడికి కుర్చీ వేశాడు బావా! నాకు టీ కూడా తెప్పించాడు! ఇంగ్లీషులో ఉన్న ఆర్డరు కాగితం నా చేతికే ఇచ్చాడు.

బయటికొచ్చాక ఆగలేక అడిగేశాను. "ఏ కప్పు సూసి ఇచ్చార్రా? కటక్‌లో గెలిసిందేనా?"

"కప్పు కాదు నాన్నా, ఆస్పత్రి కాయితం సూసి. వికలాంగుల కోటాలో ఇచ్చారు."

ఆట కూడు పెట్టక, వాడు హార్బర్‌లో బోటెక్కాడు కదా. వల లాగే వించి మిషన్లో పడి కుడిచేతి వేళ్లు మూడు పోయాయి కదా. వాటికిచ్చారు. సంతకం ఎడమచేత్తో పెట్టాడు బావా, అయినా బాగానే వచ్చింది.

"ఆటకే వొచ్చిందని సెప్పు నాన్నా, అందరికీ," అన్నాడు. సరేనన్నాను.

అందుకని ఎలమంచిలి అక్కకి, పెందుర్తి మరదలికి, మంచమ్మీదున్న మేనత్తకి, ఆట మానెయ్యమని వాణ్ణి కొట్టిన మా తమ్ముడికైతే అందరికన్నా ముందు, ఆటకే వచ్చిందని చెప్పు. మా ఆవిడకి నేను అలాగే చెప్పాను.