పెట్టె కింద పరుపు

తడి దుప్పటి దులిపి దండెం మీద వేస్తుంటే అక్క చేతిలోంచి క్లిప్పు జారి, కింది ఇంటి వాకిట్లో పడింది.

"ఇవాళ్టికి ఇది మూడోది," అని నిట్టూర్చింది.

లోపల ఆమె భర్తా, తమ్ముడూ పోట్లాడుకుంటున్నారు. ఇద్దరూ బేస్ గిటారు వాయిస్తారు. ఒక పేరున్న బృందంలో చోటు ఖాళీ అయింది. రేపు ఉదయం ఆ బృందం నాయకుడు ఇంటికే వచ్చి తమ్ముడి వాయింపు వింటానన్నాడు. మూడేళ్ళుగా తమ్ముడు ఎదురుచూస్తున్న పిలుపు అది.

"బావా, ఇది పోయిన వారం టోన్ కాదు."

"ఆ ప్లాస్టిక్ పిక్కుతో గీకితే గోకుడే వినపడుతుంది. వేళ్ళతో వాయించరా."

"నీలా వేళ్ళతో వాయిస్తే పాట నిద్రపోతుంది."

"బేస్ అంటే పునాదిరా. పునాది కనపడాలని ఎవడైనా కోరుకుంటాడా?"

"కనపడక్కర్లేదు బావా. ఉండాలి కదా! ఇప్పుడది లేదు."

అది నిజమే. పోయిన వారం లావు తీగ మీటితే కిటికీ అద్దం ఝుమ్మనేది. ఇప్పుడు రేకు డబ్బా మీద కొట్టినట్టుంది.

"ఇదంతా కొత్త తీగల మహిమ," అన్నాడు బావ. "మార్చొద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను."

"నిన్న మళ్ళీ పాతవే వేశాను కదా!"

బావ స్పీకరు పెట్టె నాబులన్నీ అటు తిప్పి, ఇటు తిప్పి, మళ్ళీ మొదటికే తెచ్చాడు.

"మీరు తీగలు మార్చినన్ని సార్లు దిండు గలీబులు మార్చి ఉంటే ఇల్లు బాగుపడేది," అంది అక్క బాల్కనీలోంచి.

తలుపు చప్పుడైంది. తమ్ముడు ఠక్కున స్పీకరు ఆపేశాడు.

కింది ఇంటి ముసలాయన. చేతిలో క్లిప్పు.

బావ ఆయనకు పెట్టిన పేరు నోటీసు తాత. పోయిన వారం మొదటిసారి పైకి వచ్చి, స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, "ఇది మోగితే మా గోడంతా అదురుతోంది బాబూ!" అని అరిచినంత పని చేశాడు. ఇంటివాళ్ళకు చెప్పి ఖాళీ చేయిస్తాడేమోనని హడలిపోయి, ఆ సాయంత్రమే పెట్టె కింద పాత పరుపు మడిచి వేశారు. తీగలు మార్చింది కూడా ఆ సాయంత్రమే.

ఇప్పుడాయన ఆ పరుపునే చూస్తున్నాడు.

"ఇదెందుకు?" మళ్ళీ అదే గొంతు.

"మీ కోసమే తాతగారూ. అదురు కిందికి రాకూడదని," అన్నాడు బావ, తల వంచి వైరు చుడుతూ.

ముసలాయన ఆ జవాబు పట్టించుకోలేదు.

"వారం నుంచి ఏమీ లేదు," అన్నాడు.

"హమ్మయ్య! విన్నావా అక్కా? ఏమీ లేదట."

ముసలాయన తమ్ముడి మూతి వంకే చూశాడు. ఆయన మొహం చిన్నబోయింది. క్లిప్పు అక్క చేతిలో పెట్టి దిగిపోయాడు.

"ఏమీ లేకపోతే ఆ మొహం ఏంటి?" అన్నాడు తమ్ముడు.

"ఇంకా ఎక్కడో కాస్త తగులుతోందేమో. మొన్న వీధిలో వెనకనుంచి నాలుగుసార్లు పిలిచాను, తిరిగి చూస్తే ఒట్టు. ఉత్త పొగరు," అన్నాడు బావ.

ఎందుకైనా మంచిదని పరుపు మీద ఇంకో దుప్పటి కూడా మడిచి వేశారు.

మర్నాడు బృందం నాయకుడు వచ్చాడు. కళ్ళు మూసుకుని రెండు పాటలు విన్నాడు.

"చెయ్యి బాగుంది బాబూ. కానీ పాట నేల మీద కాలు మోపినట్టు లేదు," అని లేచాడు. మధ్యాహ్నానికి ఇంకొకరిని తీసుకున్నామని కబురు వచ్చింది.

"ఇంక లేవండి. ఆ దుప్పటి ఉతకాలి," అంది అక్క. పెట్టెను తనే కిందికి దింపి దుప్పటి లాక్కుంది. పరుపు గోడకు నిలబెట్టింది.

తమ్ముడు ఏమీ తోచక లావు తీగ మీటాడు.

కిటికీ అద్దం ఝుమ్మంది.

బావా, బావమరిదీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తీగలు కాదురా," అన్నాడు బావ మెల్లగా.

"ఆ ముసలాయన నా నోటి దగ్గర కూడు తీసేశాడు బావా!"

గుమ్మంలో ఎవరో దగ్గారు. ముసలాయన కూతురు. దోసిట్లో పదిహేను, ఇరవై క్లిప్పులు.

"నాన్న ఇవ్వమన్నారండీ. ఆయన్ని మా ఇంటికి తీసుకెళ్తున్నాను. సామాను ఎక్కించేశాం."

"మా గోల భరించలేకేనా?" తమ్ముడు ఉక్రోషంగా అన్నాడు. "అదేదో వారం ముందే వెళ్ళి ఉంటే నేను బాగుపడేవాణ్ణి."

ఆమెకు అర్థం కాలేదు.

"గోలేమిటండీ? నాన్నకు ఆరేళ్ళుగా చెవులు బొత్తిగా వినపడవు."

అక్క చేతిలోని దుప్పటి కింద పెట్టింది.

"ఎప్పటినుంచో రమ్మంటున్నాను. పైన పిల్లలు వాయిస్తుంటే గోడకు వీపు ఆనించుకుంటే తెలుస్తోంది, నేను రానన్నారు. ఒకరిది నడిచినట్టు ఉంటుందట, ఒకరిది తలుపు తట్టినట్టు. వారం నుంచి మీరు వాయించడం మానేశారట కదా... ఇంక ఇక్కడ నాకేముందని ఆయనే బయల్దేరారు."

కింద హారన్ మోగింది. ఆమె గబగబా దిగి వెళ్ళిపోయింది.

బండి కదిలిన చప్పుడు వినపడింది. తమ్ముడు గిటారు తీసి నేల మీద పెట్టి, కాళ్ళకు చెప్పులైనా లేకుండా, బండిని అందుకోవాలని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.