ఒడ్డున ఉండే మనిషి

బండమీంచి తలకిందులుగా సముద్రంలోకి దూకిన తల్లి హాయిగా ఈదుకుంటూ వచ్చింది. మనవరాలు చప్పట్లు కొట్టింది. "నీకూ నేర్పుతా, రావే" అంది అమ్మమ్మ. తువ్వాలు అందించబోయిన కూతురి చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"నీకు ఈత వచ్చా?"

"చిన్నప్పట్నుంచీ వచ్చు."

"నేర్పించమని కాళ్లావేళ్లా పడితే, 'నాకే రాదే తల్లీ' అన్నావు కదమ్మా. స్నేహితురాళ్లంతా ఈదుతుంటే నేను వాళ్ల బట్టలకి కాపలా కూర్చున్నాను."

తల్లి జుట్టు పిండుకుంది. "నువ్వు నీళ్లలోకెళ్తే ఒడ్డున నేను హడలి చావాలి. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నా."

"మరి దీనికెందుకు నేర్పుతానంటున్నావు?"

"హడలి చావడానికి నువ్వున్నావుగా" అని నవ్వేసి, మనవరాలి చెయ్యి పట్టుకుని నీళ్లలోకి నడిచింది.

"అమ్మా, నువ్వూ రా" అని పిల్ల వెనక్కి తిరిగి పిలిచింది.

ఇద్దరి తువ్వాళ్లూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆమె, "నాకు రాదే తల్లీ" అంది.