తిట్లకు చప్పట్లు

రబ్బరు పడవలు రెండూ మలుపు తిరిగి దూసుకొచ్చే సమయానికి తోబియాస్ బల్లెం ఎత్తి ఉన్నాడు.

కొమ్ముతిమింగలం వీపు అతని ఒంటిమనిషి పడవ కయాక్‌కి బారెడు దూరంలో నిగనిగలాడుతోంది. ఒడ్డున రాతిమీద కూర్చున్న అతని భార్య బొలెట్టె ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఇంతలో మోటార్ల హోరు, సముద్రపు పాయకి రెండువైపులా లేచిన ఫియోర్డు కొండగోడలకు కొట్టుకుని మార్మోగింది. అంతే, తిమింగలాల మంద మొత్తం బుడుంగున మునిగిపోయింది. పడవల వెనకాలే లేచిన అల కయాక్‌ని పక్కకు వాల్చేసింది. తోబియాస్ భుజందాకా మంచునీళ్ళలోకి ఒరిగిపోయి, తెడ్డు ఊతంతో ఎలాగో పైకి లేచాడు.

పడవల్లోని ఎర్రకోట్లవాళ్ళు అతనివైపు సంబరంగా చేతులూపారు.

ఒడ్డుకొచ్చిన మొగుడికి బొలెట్టె తన కోటు తీసి కప్పింది. అతని పళ్ళు టకటకలాడుతున్నాయి.

"పోనీలేవే, బతికే ఉన్నానుగా."

"చచ్చినా అలాగే చేతులూపి ఉండేవాళ్ళు!" అంటూ తమ మోటారు పడవని నీళ్ళలోకి తోసింది.

"ఎక్కడికే?"

"చుట్టపుచూపుకి!"

యాత్రికుల ఓడ ఫియోర్డు మొగలో తెల్లగా, తీరిగ్గా నిలబడి ఉంది. బొలెట్టె నిచ్చెన పట్టుకుని విసవిసా పైకెక్కేసింది. పైన డెక్కు మీద ఎర్రకోట్లవాళ్ళంతా నిప్పుల పొయ్యి చుట్టూ చేరి సాసేజీలు కాల్చుకు తింటున్నారు. ఆమెను చూడగానే ఫోన్లు పైకి లేచాయి.

గైడు ఆస్గర్ గబగబా ఎదురొచ్చాడు. డెన్మార్కువాడే అయినా, అంతకుముందు ఊళ్ళో కొట్టు నడిపినవాడు కనక గ్రీన్‌లాండ్ భాష మాట్లాడగలడు.

"బొలెట్టె అక్కా! ఏమిటిలా వచ్చావు? డేనిష్‌లో చెప్పు, కొందరికైనా అర్థమవుతుంది."

"అరువు భాషలో తిట్టడం నాకు చేతకాదు. నేను మా భాషలోనే అంటాను. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు." బొలెట్టె జనంవైపు తిరిగింది. "కళ్ళు నెత్తికెక్కాయా మీకు? మనిషి నీళ్ళలో పడిపోతుంటే చేతులూపుతారా? వేసవి అంతా కాచుకుంటే వచ్చిన మంద అది. ఇక చలికాలం మేమేం తినాలి, మీరు తీసిన ఫొటోలా? మీ ఓడ బుగ్గైపోను!"

ఆస్గర్ మొహాన చిరునవ్వు పులుముకుని మైకులో ఇంగ్లీషులో రెండు ముక్కలన్నాడు. డెక్కు చప్పట్లతో దద్దరిల్లిపోయింది.

బొలెట్టె బిత్తరపోయింది. "ఏం చెప్పావురా?"

"నువ్వన్నదే అక్కా. కాస్త మర్యాద కలిపాను."

"తిట్లలో మర్యాదేమిట్రా, దొంగ సచ్చినోడా!"

"నెమ్మది, నెమ్మది," అన్నాడు గొంతు తగ్గించి. "రేపు వీళ్ళంతా ఊళ్ళో దిగుతారు. నీ చెల్లెలు కుట్టిన చేతొడుగులు కొంటారు. చెడగొట్టుకోకు."

ఈలోగా ఒక పొడుగాటాయన ఆమె చేతిలో సాసేజీల పళ్ళెం పెట్టి, భుజంమీద చెయ్యేసి, ఫోన్ వైపు పళ్ళికిలించాడు. బొలెట్టె ఆ చెయ్యి విదిలించి, పళ్ళేన్ని సముద్రంలోకి గిరాటేసింది.

జనం ఒక అడుగు వెనక్కి వేశారు. దీంతో ఆస్గర్ నోరు మూతపడుతుందనుకుంది బొలెట్టె. పడలేదు. ఆస్గర్ మైకులో మళ్ళీ ఏదో గడగడా అన్నాడు. జనం మొహాలు విప్పారాయి. "ఆహా" అనుకుంటూ తలా ఒక సాసేజీ ముక్క తుంచి, భక్తిగా నీళ్ళలోకి విసరడం మొదలెట్టారు.

బొలెట్టెకి ఒళ్ళు మండిపోయింది. "ఇదేమిట్రా?"

"మొదటి ముద్ద సముద్రానికివ్వడం మీ ఆచారమన్నాను," అన్నాడు ఆస్గర్ నేలచూపులు చూస్తూ.

అప్పుడు తిట్టింది బొలెట్టె! ఆ ఓడని, దాన్ని కట్టినవాడిని, ఆస్గర్‌ని, వాడికి మాటలు నేర్పిన తన ఊరిని, ఎవరినీ వదల్లేదు. తిట్టేకొద్దీ చప్పట్లు పెరిగాయి. ఒకావిడ మురిసిపోతూ కళ్ళు తుడుచుకుంది. ఇంకొకాయన తాళం వేశాడు. గోడని తిట్టినా తిరిగి తన మాటే వినిపిస్తుంది, ఇక్కడ అదీ లేదు. గొంతు బొంగురుపోయింది. ఓడిపోయినదానిలా నిచ్చెనవైపు నడిచింది.

వెనకనుంచి ఎవరో చెయ్యి పట్టుకున్నారు. ఎర్రకోటు, తలమీద టోపీ, కళ్ళకి నల్లద్దాలు.

"ఏం, నీకూ ఫొటో కావాలా?" కసిరింది బొలెట్టె.

"ఆ అబ్బాయి మాకు అబద్ధం చెప్పాడు," అంది ఆ మనిషి డేనిష్‌లో, మెల్లగా. "నువ్వు మాకు స్వాగతం చెప్పలేదు. తిట్టావు."

బొలెట్టె ఆగిపోయింది. తనూ డేనిష్‌లోకి మారింది. "మా భాష వచ్చా నీకు?"

"రాదు."

"మరెలా తెలిసింది?"

ఆమె టోపీ, నల్లద్దాలు తీసింది. నెరిసిన జుట్టు. ఎత్తయిన చెంప ఎముకలు, వాటిమీద బొలెట్టె ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ కనిపించే కళ్ళు.

"చిన్నప్పుడు నన్ను ఈ ఊళ్ళోంచే ఓడెక్కించి తీసుకుపోయి డెన్మార్కులో పెంపకానికిచ్చారు. మాటలన్నీ పోయాయి, మా అమ్మ తిట్లొక్కటే మిగిలాయి. ఇంకొక్కసారి తిట్టమ్మా!"