ఊరందరి తరఫునా ఒక్కడే

నర్సు రెబ్కా ఊరికి కొత్త. అక్కడి పిల్లలంతా బొద్దుగా ఉన్నారని పాత లెక్కలు చూసి, పైవాళ్లు పాలపొడి కూడా ఆపేశారు.

మిరప కల్లం పక్కన వేపకొమ్మకు తక్కెడ వేలాడదీసి ఆమె తూకం మొదలెట్టింది. కొండమ్మ తెచ్చిన పిల్లాడు, ఎవరూ ఎత్తకముందే తక్కెడ ఎక్కి కూర్చున్నాడు.

“ఏమ్మా, ఇందాక మీ తోడికోడలు తెచ్చింది వీణ్ణేగా?”

“అవునండి. తూకమేస్తే పిల్లలకి దిష్టి తగలదా? వీడికి వాళ్లమ్మ పొద్దున్నే దిష్టి తీసేసుద్ది. అందుకని నెలనెలా అందరం వీణ్ణే తెస్తన్నామండి.”

రెబ్కా మెడలో శిలువను జాకెట్లోకి దోపుకుంది. కల్లంలోంచి గుప్పెడు ఎండుమిరపకాయలు తీసుకుంది.

“ఎవరి పిల్లల్ని వాళ్లు తెచ్చుకోండి. తూచాక నేనే దిష్టి తీస్తా!”

సాయంత్రం దాకా తూకాలు, పొగ, ఊరంతా దగ్గులు.

ఆ నెల లెక్క చూసి డాక్టరుగారు కేకలేశారు. “నువ్వొచ్చిన నెలకే ఇంతమంది పిల్లలు చిక్కిపోయారేంటమ్మా? ఏం చేశావు?”

“పాలపొడి పంపించండి సార్. పిల్లలెవరూ చిక్కలేదు, ఈసారి వాళ్లే వచ్చారు.”