పదకొండో గులాబీ

"ఇప్పుడే తీసి అవతల పారెయ్ దీన్ని!" దోంకా అరిచిన అరుపుకి పూలకొట్టు గాజుతలుపు అదిరింది.

ప్లెవెన్ ఊళ్ళో పూల విషయంలో ఆవిడ మాటకి ఎదురు లేదు. అలాంటి కొట్టులో కొత్తగా కంప్యూటర్ పెట్టించిన సాహసం కోడలు నెవెనాది.

"ఏమైంది అత్తయ్యా?"

"ఏమైందా? నీ ముద్దుల మిషన్ ఏం ఆర్డరు తెచ్చిందో చూడు! పురిటాసుపత్రికి పది తెల్ల గులాబీలట. పది! బతికున్నవాళ్ళకి ఎవరైనా సరిసంఖ్యలో పూలిస్తారటే? సరిసంఖ్య శవం మీద పెట్టడానికి. బాలింత చూస్తే గుండాగి చస్తుంది!"

నెవెనా తెర వంక చూసింది. "ఆర్డరిచ్చినాయనే పది అని కొట్టాడు అత్తయ్యా. మిషన్ సొంతంగా ఏమీ రాయదు."

"తండ్రినయ్యానన్న సంబరంలో ఒళ్ళు తెలీక కొట్టుంటాడు వెర్రిమాలోకం. అదే ఫోన్లో చెప్పుంటే నాలుగు చీవాట్లు పెట్టి పదకొండు చేసేదాన్ని. నీ మిషన్‌కి ఆపాటి ఇంగితం ఏడిసిందా?"

"పోనీ, ఒక్కసారి ఫోన్ చేసి అడుగుదాం."

"పూలు ఎన్నివ్వాలో నేనొకరిని అడగాలా? నేనే పట్టుకెళ్ళి ఇచ్చొస్తాను. వచ్చేసరికి ఇదిక్కడ కనిపించకూడదు."

నెవెనాకి ఏడుపొచ్చింది. ఊళ్ళో కుర్రకారంతా ఇంట్లో కూర్చునే పూలు తెప్పించుకుంటున్నారు. కంప్యూటర్ పోతే వెనకాలే కొట్టూ మూతపడుతుందని ఆమె భయం. అత్తగారితో ఆ మాట అనే ధైర్యం లేదు.

దోంకా ఇంకో గులాబీ చేర్చి, లేతగులాబీ రంగు రిబ్బను కట్టింది. చీటీ మీద రాయమన్నది "మా మిలాకి" అని మాత్రమే. ఆడపిల్ల పుట్టిందన్నమాట అని దారి పొడుగునా మురిసిపోయింది.

ఆసుపత్రి గుమ్మంలో గడ్డం మాసిన కుర్రాడొకడు ఎదురుచూస్తున్నాడు. పూలు చూసి ముందుకొచ్చాడు.

"చల్లగా నూరేళ్ళు బతకాలి నాయనా నీ బిడ్డ!" పూలగుత్తి అతని చేతుల్లో పెట్టింది దోంకా. "పది పంపమన్నావేమిటయ్యా పిచ్చినాయనా? ఆ కంప్యూటర్‌కి ఏం తెలుసు, నేను చూశాను కాబట్టి సరిపోయింది. పదకొండు తెచ్చాను."

అతను రిబ్బను విప్పి జేబులో పెట్టుకున్నాడు. గుత్తిలోంచి ఒక గులాబీ తీసి, ఆవిడ అరచేతిలో ఉంచాడు. దోంకా నవ్వు పెదాల మీదే ఆగిపోయింది.

"కంప్యూటర్ తప్పేం లేదమ్మా," అన్నాడు. "నోటితో చెప్పలేకే అందులో కొట్టాను."